నూట ఇరవై దగ్గర ఆగాం

అమ్మ పోయేనాటికి ఆమె గొంతు ఉన్న కేసెట్టు మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఫొటోలు ఉన్నాయి. రేషను కార్డు కోసం తీయించుకున్నది, మా స్కూలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఎవరో తీసింది, ఇంకా కొన్ని. గొంతు మాత్రం ఎవరూ దాచలేదు. దాచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మా తమ్ముడు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. తాడేపల్లిగూడెంలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని మిక్సింగ్ యూనిట్ పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ తల్లుల గొంతులెన్నో వాడి దగ్గర ఉండేవి. మా అమ్మది లేదు.

ఇది రెండు వేల మూడు, నాలుగు ప్రాంతపు మాట. నేను ఏలూరులో ఒక స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నాన్నగారు ఆకివీడులో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. చేపల లారీలకు ఐసు లోడింగు ఆయనే చూసేవారు. అమ్మా ఆయనా అక్కడే ఉండేవారు.

అమ్మకు బీపీ లేదు, షుగరు లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని గట్టు మీద కూర్చుంది. నాన్నగారు లోపలి నుంచి కాఫీ పెట్టనా అని అడిగారు. జవాబు రాలేదు. పొద్దున్న ఇద్దరూ దేని గురించో మాటా మాటా అనుకున్నారట. ఇంకా కోపం తగ్గలేదనుకుని ఆయన పేపరు తీసి చదువుకుంటూ కూర్చున్నారు. పేపరంతా చదివారు. ఆ తర్వాత బయటికి వచ్చారు.

నేను కైకలూరు మీదుగా బస్సులో వెళ్ళాను. దారి పొడుగునా కొల్లేరు చెరువులు. కిటికీ పక్కనే కూర్చున్నాను, కానీ ఏం చూశానో గుర్తు లేదు. ఇల్లు చేరేసరికి అమ్మను వరండాలో ఐసు మీద పడుకోబెట్టి ఉంచారు. నేనూ తమ్ముడూ వచ్చేదాకా ఆపాలి కదా. ఫ్యాక్టరీలో నాన్నగారితో పనిచేసేవాళ్ళు దిమ్మలు తెచ్చి పరిచారు. త్వరగా కరిగిపోకుండా ఊక చల్లారు. పైన గోనెపట్టా, దానిమీద చాప, చాప మీద దుప్పటి, దుప్పటి మీద అమ్మ. కరిగిన నీళ్ళు వరండా అంచు దాకా పారి మెట్ల మీదుగా దిగుతున్నాయి. ఎవరో ఆ నీళ్ళలో చెప్పులు తడవకుండా పక్కకు జరిపారు.

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ చలి చావుదో, ఐసుదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కొన్ని నెలలు గడిచాక ఒక శనివారం ఆకివీడు వెళ్ళాను. నాన్నగారు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి అన్నారు.

"కళ్ళు మూసుకుంటే మొహం కనబడుతోందమ్మా. గొంతు రావట్లేదు."

"వస్తుందిలెండి నాన్నగారూ."

"రావట్లేదు. ఏం మాట్లాడేదో గుర్తుంది. మాటలన్నీ ఉన్నాయి. అవి నా గొంతుతోనే వినబడుతున్నాయి."

ఆయన అంతకుముందు అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి నేను పడుకుని ప్రయత్నించాను. నాకూ సరిగ్గా రాలేదు. తెల్లారాక తమ్ముడికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. వారం తిరగకముందే వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, దొరికింది."

మా పిన్ని కూతురి పెళ్ళి పెంటపాడు చర్చిలో అయింది. ఆ వీడియో తమ్ముడే తీశాడు. అప్పట్లో కెమెరాలో వేసే చిన్న కేసెట్టు మీద ఒక పెళ్ళి తీసి, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, అదే కేసెట్టు మీద తర్వాతి పెళ్ళి తీసేవారు. ఆ వృత్తిలో అందరూ అంతే. పిన్నివాళ్ళ పెళ్ళి కేసెట్ల మీద అప్పటికే వేరే పెళ్ళిళ్ళు ఎక్కేశాయి. కానీ పిన్నివాళ్ళు పాటలు మార్చమని అడగడంతో ఆ పని వెనకపడి, వీడియో కంప్యూటర్ డిస్కులో ఉండిపోయింది. పెళ్ళి ముందురోజు ఇంటి ప్రార్థనలో అమ్మ ఒక కీర్తన ఎత్తుకుంది. తక్కినవాళ్ళు అందుకునేలోపు మొదటి చరణం ఆమె ఒక్కతే పాడింది.

నేను తాడేపల్లిగూడెం వెళ్ళి ఒకసారి విన్నాను. ఒక్కసారే. ఇంకెప్పుడైనా వినొచ్చులే అనుకున్నాను.

నాన్నగారు కూడా వచ్చారు. మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, తమ్ముడు మౌస్ మీద చెయ్యి వెయ్యగానే "వద్దు బాబూ" అన్నారు.

"అదేంటండీ? వినడానికే కదా వచ్చారు?"

"ఇక్కడ కాదు. జ్ఞాపకార్థ కూడికలో పెట్టు. అందరిలో కూర్చుని వింటాను. ఒక్కణ్ణీ అయితే తట్టుకోలేను."

మా వైపు మనిషి పోయిన ఏడాదికి ఇంటి ముందు షామియానా వేసి, పాస్టరుగారిని పిలిచి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకు భోజనాలు పెడతారు. పోయినవాళ్ళ గురించి ఇద్దరో ముగ్గురో మాట్లాడతారు. ఆ కూడికలో తెర కట్టి అమ్మ పాట వేద్దామని తమ్ముడు నిశ్చయించుకున్నాడు. పాటను విడిగా కోసి, దాని వెనక మా ఫొటోలు పేర్చి, ఆ ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని పేరు పెట్టాడు. అక్కర్లేని ముక్కలు ఎప్పటిలాగే 'వేస్ట్' అన్న ఫోల్డర్లో పడేశాడు.

ఇక మిగిలింది దాన్ని సీడీలో ఆడేలా తయారుచెయ్యడం. రెండరింగ్ అంటారు. అది వాడి కంప్యూటర్ మీద గంటలు గంటలు నడిచేది. వేసవి కాలం, కరెంటు కోతలు. కోతకూ కోతకూ మధ్య ఉన్న సమయం ఆ పనికి చాలడం లేదు. యూపీఎస్ కంప్యూటర్‌ను ఆపుకోవడానికి సరిపోతుందే తప్ప నడపడానికి సరిపోదు. మూడుసార్లు మొదలుపెట్టాడు, మూడుసార్లూ కొసకు వచ్చేసరికి కరెంటు పోయింది. మొత్తం ఫైలును ఇంకెక్కడైనా దాచి పెట్టుకుందామంటే అది సీడీలో పట్టేంత చిన్నది కాదు. డీవీడీలు రాసే పరికరాలు గూడెం ఇంకా రాలేదు.

అప్పుడు వాడు ఇంటర్నెట్ సెంటర్ నుంచి కొన్ని కాగితాలు ప్రింటు తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. ఓవర్‌క్లాకింగ్ అనే మాట నేను మొదటిసారి ఆ కాగితాల్లోనే చూశాను. ఉన్న ప్రాసెసర్‌నే, కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించడం. పని కోతలోపు అయిపోతుంది.

"చదివి చెప్పక్కా. నాకు సగం అర్థమవుతోంది, సగం భయమేస్తోంది."

"'మీ ప్రాసెసర్ కాలిపోతే మాకు సంబంధం లేదు' అని మొదటి లైన్లోనే రాశారురా."

"సిగరెట్టు పెట్టె మీద కూడా రాస్తారు. కాల్చేవాళ్ళు కాల్చట్లేదా?"

"నువ్వు కాలుస్తున్నావా?"

"మాటవరసకన్నానే తల్లీ. ముందు చదువు."

చదివాను. బాగా రాసిన వ్యాసం. సోది లేదు. కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు గడియారంలా ఒక లెక్కలో దెబ్బలు వేస్తూ ఉంటుంది. ప్రాసెసర్ ఆ లెక్కను ఇన్ని రెట్లు చేసుకుని నడుస్తుంది. ఎన్ని రెట్లన్నది కంపెనీ బిగించేసింది, అది మన చేతిలో లేదు. దెబ్బల లెక్క మాత్రం మార్చుకోవచ్చు. మా బోర్డులో అది వంద. వందను పెంచితే ప్రాసెసర్ వేగం దానంతటదే పెరుగుతుంది. నూట ముప్పైమూడు దాకా చాలామంది వెళ్ళారట. ఒకేసారి వెళ్ళకూడదు. కొద్దికొద్దిగా పెంచాలి, పెంచిన ప్రతిసారీ పరీక్ష పెట్టాలి, వేడి చూసుకోవాలి. వేడి ఒక్కటే శత్రువు అన్నట్టు రాశారు. మేమూ అలాగే అర్థం చేసుకున్నాం.

ఈ సంగతి తమ్ముడు నాన్నగారికి ఫోన్‌లో చెప్పాడు. వేడి అన్న మాట ఆయన చెవిన పడింది.

ఆదివారం చర్చి అయ్యాక నేను ఏలూరులో రైలెక్కి గూడెం వెళ్ళాను. తమ్ముడు అప్పటికే క్యాబినెట్ పక్క రేకు విప్పి, ప్రాసెసర్ మీద కొత్త తెల్ల పేస్టు రాసి, ఫ్యాను బిగించి సిద్ధంగా ఉన్నాడు. కంప్యూటర్ ఆన్ చేసి, ఒక మీట నొక్కగానే నీలం తెర వచ్చింది. అందులో వంద అన్న అంకె ఉంది. దాన్ని నూట అయిదు చేశాడు. మళ్ళీ ఆన్ అయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంత సులువుగా ఉంటుందని నేననుకోలేదు. లెక్కలు చేయించి ప్రాసెసర్‌ను అలసిపోయేలా చేసే ప్రోగ్రాం ఒకటి పెట్టాడు. నిలబడింది. నూట పది. నిలబడింది. కానీ గది మేడ మీది పై గది, ఏప్రిల్ ఎండ. తెర మీద వేడి అంకె ఎక్కుతూ పోతోంది. టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టినా వేడి గాలే కదా.

"ఇంకా పెంచితే ఉడికిపోతుందక్కా" అంటుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

నాన్నగారు. భుజం మీద చేపలు సర్దే థర్మోకోల్ పెట్టె. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"కండక్టరు టికెట్టు కొట్టనన్నాడు. 'రొయ్యల పెట్టె బస్సులో ఎక్కించకూడదండీ' అంటాడు. 'రొయ్యలు కాదు బాబూ, ఐసు' అన్నాను. 'ఐసు ఎవరికండీ' అన్నాడు. 'కంప్యూటరుకి' అన్నాను. ఇక నా వంక చూడలేదు. గణపవరం దాటినా చూడలేదు."

తమ్ముడు నవ్వాడు. నాన్నగారు పెట్టె దించి మూత తీశారు. నలగ్గొట్టిన ఐసు, పైన తడి ఊక. ఆ వాసన గదిలోకి వచ్చింది.

నేను గుమ్మం దగ్గర కూర్చుండిపోయాను. అమ్మను పడుకోబెట్టిన రోజు తర్వాత ఆ వాసన నేను మళ్ళీ చూడలేదు. నాన్నగారు రోజూ ఆ వాసనలోనే పనిచేస్తున్నారన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

ఆయన నా వైపు చూశారు.

"అదే ఫ్యాక్టరీదేనమ్మా" అన్నారు. "నాకు వేరే ఐసు ఎక్కడ దొరుకుతుంది?"

పెట్టె మూత పక్కన పెడుతూ, "ఐసు లేకుండా మన వైపు ఏం నిలిచిందమ్మా? వేడి అన్నారు కదా, తెచ్చాను" అన్నారు.

పెట్టెను క్యాబినెట్ పక్కన ఒక పీట మీద పెట్టి, దాని వెనక టేబుల్ ఫ్యాను పెట్టారు. గాలి ఐసు మీదుగా వచ్చి క్యాబినెట్లోకి పోయేలా ఆయనే కోణం చూసి సర్దారు. తెర మీద వేడి అంకె దిగడం మొదలుపెట్టింది. నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫ్యాక్టరీలో మీటర్లను చూసినట్టు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నారు.

"ఇంకా దిగుతుంది. ఉండండి. ఫ్యాను మధ్యలోకి జరుపు."

"మీరు ఇంజనీరు అవ్వాల్సిందండీ" అన్నాడు తమ్ముడు.

"ఐసు తెచ్చేవాడు లేకపోతే మీ ఇంజనీర్లు ఏం చేస్తారురా?"

నవ్వారు. అమ్మ పోయాక ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. నూట పదిహేను నిలబడింది. నూట ఇరవై నిలబడింది. అప్పుడు నాకు క్యాబినెట్ రేకు మీద నీటి బొట్లు కనిపించాయి.

"ఒరేయ్, చెమట పడుతోంది!"

అందరం ఒకేసారి లేచాం. తమ్ముడు స్విచ్చి ఆపాడు. పెట్టెను గుమ్మం బయటికి లాగేశాం. మా వైపు గాలిలో తడి ఉంటుంది. అది చల్లని రేకుకు తగిలితే నీరవుతుంది. మంచినీళ్ళ గ్లాసుకు అయినట్టే. బోర్డు మీద పడలేదు, రేకు లోపలి వైపు మాత్రమే పట్టింది. తువ్వాలుతో తుడిచి, చాలాసేపు ఆరనిచ్చి, మళ్ళీ ఆన్ చేశాం. నూట ఇరవైలోనే లేచింది. పరీక్ష పెట్టాం. నిలబడింది.

తమ్ముడు ఉత్సాహంగా ఉన్నాడు. "నూట ముప్పైమూడు కొట్టేద్దాం. కరెంటు పోయేలోపు ఇంకా ముందే అయిపోతుంది."

నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు. "చాలు బాబూ. ఇప్పుడు కోతలోపు అయిపోతుందా లేదా?"

"అయిపోతుందండి, కానీ..."

"మరి ఇక ఆశ దేనికి? ఇక్కడ ఆపు."

ఆపాం. నాకూ అదే సబబు అనిపించింది. ఆయన చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక, కరెంటు వచ్చిన వేళ చూసుకుని రెండరింగ్ మొదలుపెట్టాడు. తెర మీద ఒక గీత నెమ్మదిగా నిండుతుంది. ఎప్పటికన్నా త్వరగా నిండుతోంది. ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. సగం దాటింది. ముప్పావు దాటింది. అక్కడ ఆగింది. మౌస్ కదలడం లేదు. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, వేడి కూడా తక్కువే ఉండాలి. తమ్ముడు కాసేపు ఆగి రీసెట్ నొక్కాడు.

కంప్యూటర్ లేచింది కానీ మామూలుగా లేవలేదు. తెర మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు వరసగా రావడం మొదలుపెట్టాయి.

"ఏమంటోందక్కా?"

"డిస్కులో తప్పులున్నాయి, సరిచేస్తున్నానంటోంది."

"సరిచేస్తే మంచిదేగా."

నేను తర్వాతి వరస చదివాను. ఆ తర్వాతిది చదివాను. అన్నిటిలోనూ ఒకటే మాట.

"ఒరేయ్, తీసేస్తున్నానంటోంది. ఒక్కో పేరూ చెప్పి తీసేస్తోంది."

"తీసెయ్యడమేంటి? ఆపెయ్యనా? కరెంటు పీకెయ్యనా?"

"మధ్యలో పీకితే ఇంకేమవుతుందో!"

ఇద్దరం అలా నిలబడిపోయాం. వాడి చెయ్యి స్విచ్చి దగ్గర ఉంది. నొక్కలేదు. పేర్లు పైకి జరిగిపోతున్నాయి. ఏవేవో పెళ్ళికూతుళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు. నేను మంచి వేగంగా చదువుతాను. అయినా ఆ పేరు నాకన్నా ముందు నాన్నగారు చూశారు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేంతే.

"ఇప్పుడు పోయింది అమ్మ అని ఉంది కదమ్మా?" అన్నారు.

ఆయన అడిగిన తీరులో ఏమీ లేదు. బస్సు వెళ్ళిపోయిందా అని అడిగినట్టు అడిగారు.

తమ్ముడు కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నాన్నగారు లేచి గుమ్మం బయటికి వెళ్ళి ఐసు పెట్టెలోకి తొంగి చూశారు. సగం పైగా నీళ్ళయిపోయి ఉంది.

"నీళ్ళేమైనా లోపలికి వెళ్ళాయేమోరా?"

"మిమ్మల్ని ఐసు ఎవరు తెమ్మన్నారండీ!" అని అరిచాడు తమ్ముడు. "ఎవరు తెమ్మన్నారు? ఇదేమైనా చేపలా?"

వాడు ఆయన ముందు గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. నాన్నగారు పెట్టె ఎత్తి, డాబా తూము దగ్గర నీళ్ళు ఒంపి, ఊక చేత్తో ఊడ్చి, ఖాళీ పెట్టె భుజాన పెట్టుకుని మెట్లు దిగారు. నేను బస్టాండు దాకా వెనకే వెళ్ళాను. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను. ఆయన ఎక్కేముందు, "ఆ రోజే విని ఉండాల్సింది" అన్నారు.

నేను ఏలూరు వచ్చాక స్కూలు అయిన తర్వాత ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళాను. ఆ వ్యాసం ఉన్న చోటే జనం ప్రశ్నలు అడుగుతున్నారు, తెలిసినవాళ్ళు జవాబులు రాస్తున్నారు. మా బోర్డు ఏదో, ప్రాసెసర్ ఏదో, ఏం చేశామో, ఏం జరిగిందో మొత్తం రాశాను. ఐసు సంగతి కూడా రాశాను. రేకు లోపల నీరు పట్టిందని రాశాను. డిస్కులో ఏం ఉండేదో రాయలేదు.

వారం తర్వాత వెళ్ళి చూస్తే జవాబు ఉంది. ఏ దేశపు మనిషో తెలియదు. మొదట ఐసు గురించి నవ్వాడు. తర్వాత, నీటి వల్ల కాదు అని రాశాడు. నీరు తగిలితే బోర్డు చచ్చిపోతుంది, ఇలా కాదు. బోర్డు వేసే దెబ్బల లెక్క ప్రాసెసర్‌కు మాత్రమే కాదు, డిస్కు నడిచే దారికి కూడా అదే ఆధారం. ఆ దారికి ముప్పైమూడు కావాలి. వంద దగ్గర బోర్డు మూడుతో భాగిస్తుంది, ముప్పైమూడు వస్తుంది. నూట ముప్పైమూడు దగ్గర నాలుగుతో భాగిస్తుంది, మళ్ళీ ముప్పైమూడే వస్తుంది. మధ్యలో ఎక్కడ ఉన్నా మూడుతోనే. నూట ఇరవై దగ్గర అది నలభై. ప్రాసెసర్ చక్కగానే నడుస్తుంది, పరీక్షలన్నీ నెగ్గుతుంది, డిస్కు మాత్రం లోపల్లోపల తప్పులు రాసుకుంటూ పోతుంది. కొత్త బోర్డుల్లో ఈ బాధ లేదట. ఆ వ్యాసం కొత్త బోర్డుల కోసం రాసింది. చివరి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు వందలో ఉండిపోయినా బతికేవాళ్ళు, నూట ముప్పైమూడుకి వెళ్ళినా బతికేవాళ్ళు, ఆగకూడని చోట ఆగారు.

నేను ఆ తెర ముందు చాలాసేపు కూర్చున్నాను. సెంటర్ అతను వచ్చి, "మేడమ్, ఇంకో గంట వెయ్యమంటారా?" అని అడిగితే లేచాను.

జాగ్రత్త వల్ల పోయింది. దీన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు పుస్తకాలు చదివిన మనిషిని, దీనికి ఏదో ఒక అర్థం చెప్పుకోగలను. చెప్పుకోవడం ఇష్టం లేకపోయింది. ఆగిన చోటు తప్పు, అంతే.

శనివారం ఆకివీడు వెళ్ళాను. నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు. థర్మోకోల్ పెట్టె వరండాలో బోర్లించి ఉంది.

"ఐసు వల్ల కాదండి నాన్నగారూ. తెలిసినవాళ్ళని అడిగాను. ఐసుకు ఏ సంబంధమూ లేదు."

ఆయన నా మొహంలోకి చూశారు. "నిజంగానా?"

"నిజంగానండి."

"మరి దేని వల్ల?"

"బోర్డు పాతదండి."

అది అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం నేను చెప్పదలచుకోలేదు. ఆయన ఊపిరి వదిలి, "పోనీలే" అన్నారు. పెట్టెను లోపలికి తెచ్చి మూల పెట్టుకున్నారు.

ఈలోగా తమ్ముడు డిస్కు పీకి ఏలూరు తెచ్చాడు. వాడి స్నేహితుడి షాపులో వేరే కంప్యూటర్‌కు తగిలించి, పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రాం పెట్టారు. దొరికినవాటికి పేర్లు లేవు. అన్నిటికీ అంకెలే. ఒక్కోటీ తెరిచి చూడాలి. కొన్ని తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో సగం మొహాలు గళ్ళు గళ్ళుగా విడిపోయి ఉన్నాయి. ఎవరివో తలంబ్రాలు, ఎవరివో అప్పగింతలు. వాడు స్కూలు దగ్గరికి వచ్చి గేటు బయట నిలబడి చెప్పాడు.

"పాట లేదక్కా. ఎక్కడా లేదు. వేస్ట్‌లో పడేసిన ముక్క ఒకటి మిగిలింది."

కూడిక ముందురోజు సాయంత్రం ఆ ముక్కను తీసుకుని వాడూ నేనూ ఆకివీడు వెళ్ళాం. కంప్యూటర్ కూడా మోసుకెళ్ళాం. బయట షామియానా వాళ్ళు గుంజలు పాతుతున్నారు. ముందు గదిలో బల్ల మీద అంతా బిగించాం. నాన్నగారు వచ్చి కూర్చున్నారు.

"ఒక మాట" అన్నారు. "అక్కేమో బోర్డు పాతదంది. నువ్వేమో మొన్న ఫోన్‌లో, మధ్యలో ఆపడం వల్లన్నావు."

నేను తమ్ముడి వైపు చూశాను. ఆ జవాబు సంగతి వాడికి చెప్పాను కానీ, నాన్నగారికి చెప్పొద్దని చెప్పలేదు.

"ఆపమన్నది నేనే కదరా" అన్నారు నాన్నగారు.

బయట గుంజ మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి.

"మాకు కూడా అక్కడ ఆపడమే మంచిదనిపించిందండి" అన్నాన్నేను.

"నాకు తెలుసమ్మా" అన్నారు. "వెయ్యి బాబూ."

తమ్ముడు వేశాడు. బొమ్మ లేదు. బూడిద రంగు గళ్ళు, మధ్యలో ఒకచోట పసుపుగా ఏదో కదులుతోంది. శబ్దం మాత్రం ఉంది. గిన్నెల చప్పుడు, జనం, దూరంగా మైకు. ఆ సందడిలోంచి ఒక ఆడమనిషి గొంతు దగ్గరగా వచ్చింది.

"ఒరేయ్, ఆ లైటు నా మొహం మీంచి తియ్యి. సాంబారు బకెట్టు పట్టుకున్నదాన్ని తీసి ఏం చేసుకుంటావురా? వెళ్ళి పెళ్ళికూతుర్ని తియ్యి."

అంతే. ముక్క అయిపోయింది.

నాన్నగారు మా ఇద్దరి వైపూ చూశారు. ఆయన మొహంలో ఏమీ లేదు.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నారు.

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఇద్దరినీ కన్న మనిషి గొంతు అది. ఏడాది కూడా కాలేదు. ఆయనకు చెబితే ఏమవుతుందో అని భయమేసింది. తమ్ముడు దాన్ని మళ్ళీ వెనక్కి జరిపి వేశాడు. ఈసారి ఇంకాస్త ముందునుంచి. మాటకు ముందు నాలుకతో 'చ్' అన్న చప్పుడు ఒకటి ఉంది. విసుగు వచ్చినప్పుడు అమ్మ మాట మొదలుపెట్టేముందు చేసేది. ఆ చప్పుడు దగ్గరే నాన్నగారి తల లేచింది. మాటలు ఇంకా రాకముందే.

విన్నంతసేపూ కదల్లేదు. అయిపోయాక కళ్ళు తుడుచుకోలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు లేవు. దెబ్బ తిన్నవాడిలా రెండు చేతులూ బల్ల మీద ఆనించి కూర్చున్నారు.

"రేపు దీన్ని అందరిలో వెయ్యొద్దు" అన్నారు కాసేపటికి.

"సరేనండి."

"ఇప్పుడు ఇది ఎంత స్పీడులో ఉంది?"

"వందలోనండి. మామూలు స్పీడే."

"మార్చవు కదా?"

"మార్చనండి."

"అయితే మళ్ళీ వెయ్యి" అన్నారు.